ఈ టోపీ అమ్మకానికి కాదు

గొర్రె ఉన్నిని తామే ఏకి, తామే వడికి, తమ తలకు తామే టోపీ అల్లుకునే మనుషులు ఇంకా ఉన్నారు. స్కాట్లండ్‌కు ఉత్తరాన షెట్లాండ్ దీవుల ఆడవాళ్లు డచ్చి జాలరుల కోసం, షావుకార్ల కోసం, రాణీగారి కోసం కొన్ని వందల ఏళ్లు అల్లారు. తమ కోసం అల్లుకున్నవాటి కథ వేరు. ఈ కథనం ఆ రెండో కథ గురించే.

1951 మే నెలలో షెట్లాండ్‌లోని గన్నిస్టర్ దగ్గర ఇద్దరు మనుషులు పీట్ తవ్వుతున్నారు. చిత్తడి నేలలో మొక్కలు కుళ్లి వేల ఏళ్లుగా పేరుకున్న నల్లటి మట్టి అది. దిమ్మలుగా కోసి, ఎండబెట్టి, చలికాలమంతా పొయ్యిలో కాలుస్తారు. ఆ రోజు పార కింద గుడ్డ తగిలింది. ఇంకాస్త తవ్వితే ఒక మనిషి సమాధి బయటపడింది. మనిషి అంటూ పెద్దగా మిగల్లేదు. కొంచెం జుట్టు, గోళ్లు, ఎముకల తునకలు, అంతే. బట్టలు మాత్రం నిన్న మొన్న తొడుక్కున్నట్టున్నాయి. ఆ నేలలోని ఆమ్లం ఎముకను కరిగిస్తుంది, నారబట్టను తినేస్తుంది. ఉన్నిని మాత్రం ముట్టుకోదు.

ఆయన ఒంటి మీద ఉన్ని కోటు, చొక్కా, లాగు ఉన్నాయి. వాటితో పాటు అల్లిన టోపీలు రెండు, చేతి తొడుగులు, మోకాళ్ల దాకా వచ్చే మేజోళ్లు, ఒక చిన్న సంచి. మేజోళ్లకు మాసికలు వేసి ఉన్నాయి. సంచిలో దొరికిన డచ్చి, స్వీడిష్ నాణేల మీద 1681, 1683, 1690 అని ఉంది. అంటే పదిహేడో శతాబ్దం చివరి మనిషి. ఆ సంచి మీద బూడిదరంగులో ఎరుపు, తెలుపు దారాలతో వేసిన పట్టీలున్నాయి. షెట్లాండ్‌లో రంగురంగుల అల్లికకు దొరికిన తొలి ఆనవాళ్లలో అదొకటి. దారమంతా చేత్తో వడికినదే. యంత్రంతో ఉన్ని వడకడం అప్పటికి ఇంకా పుట్టలేదు.

మాసికలు వేసిన ఆ మేజోళ్ల దగ్గరే నాకు ఈ కథ మొదలవుతుంది. అమ్మడానికి చేసిన వస్తువును, వాడుకోవడానికి చేసుకున్న వస్తువును వేరుచేసి చూపేది మాసికే. వాడుకునేదాన్ని అరిగినప్పుడల్లా బాగుచేసుకుంటారు. దారం ఎంత గట్టిదో, ఏ చోట ముందు అరుగుతుందో తెలిసిన చేతులు ఆ పని చేస్తాయి.

గాలి, తడి, గొర్రె

షెట్లాండ్‌లో నూరుకు పైగా దీవులున్నాయి. మనుషులు కాపురముండేవి పదహారు. జనం మొత్తం 23 వేలకు అటూఇటూ. దీవులు 60 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాయి కాబట్టి డిసెంబరులో పగలు ఆరు గంటలు కూడా ఉండదు. అయినా చలి మనం ఊహించుకునే మంచుగడ్డల చలి కాదు. అట్లాంటిక్‌లోని వెచ్చటి ప్రవాహం పుణ్యమా అని ఉష్ణోగ్రత సున్నాకు మరీ కిందికి దిగడం తక్కువ. అసలు బాధ గాలిదీ తడిదీ. చెట్టూచేమా పెద్దగా లేని నేల మీద సముద్రపు గాలి తుంపరను మోసుకొచ్చి చెవుల్లోకీ మెడలోకీ కొడుతుంది. అక్కడ టోపీ, మఫ్లర్, చేతి తొడుగులు అలంకారం కిందికి రావు.

ఈ వాతావరణానికి తగ్గట్టే అక్కడి గొర్రె తయారైంది. చిన్న గొర్రె, గట్టి ప్రాణం. ఆకలి వేస్తే సముద్రపు ఒడ్డుకు దిగి నాచు కూడా మేస్తుంది. ఒక గొర్రెకు ఏడాదికి కిలో, కిలోన్నర ఉన్ని వస్తుంది. ఈ జాతిలో పదకొండు ముఖ్యమైన రంగులున్నాయని అక్కడివాళ్లు లెక్క చెబుతారు. తెలుపు, నలుపు, ఎర్రటి గోధుమ, ఉక్కురంగు బూడిద... అన్నీ పుట్టుకతో వచ్చిన రంగులే, అద్దకం అక్కర్లేదు. ఎర్రటి గోధుమను మూరిట్ అంటారు, ముదురు బూడిదను షేలా అంటారు. మందను చూస్తూనే శాలువా అంచుకు ఏ రంగు పక్కన ఏ రంగు పడాలో ఆలోచించుకునే వీలుంది ఆ దీవుల ఆడవాళ్లకు.

ఈ గొర్రెలో ఇంకో విశేషముంది. వేసవి మొదట్లో పాత ఉన్ని కింద కొత్త ఉన్ని మొలుస్తుంది. అప్పుడు రెంటికీ మధ్య వెంట్రుక సన్నబడి బలహీనపడుతుంది. ఆ అదను చూసి పాత ఉన్నిని చేత్తోనే మెల్లగా లాగేస్తారు, కత్తెరతో పని లేదు. గొర్రెకు నొప్పి ఉండదు. లాగిన వెంట్రుక కొస తెగకుండా సన్నగానే మిగులుతుంది కాబట్టి దాన్ని వడికితే దారం మెత్తగా ఉంటుంది. కత్తిరించిన వెంట్రుకకు మొండి కొస మిగులుతుంది. ఒంటికి గుచ్చుకోవడానికి అదీ ఒక కారణమే. మెడ దగ్గర దొరికే ఉన్ని అన్నిటికంటే సన్నం. పెళ్లి ఉంగరంలోంచి దూరిపోయే లేసు శాలువాలు దానితోనే అల్లారు. మిగతా ఉన్ని ఇంట్లోవాళ్ల ఒంటికి, కాళ్లకు, చేతులకు.

ఏకు, కదురు, పురి

పత్తి నుంచి నూలు తీసిన మన ఊళ్లకు ఈ పని మాటలన్నీ తెలిసినవే. ఉన్నిలోని చెత్త ఏరి, పింజలు విడదీసి, తీగపళ్లున్న రెండు పలకల మధ్య దువ్వి ఏకుతారు. పలక మీంచి వచ్చిన మెత్తటి పొరను చుట్టితే ఏకు. దువ్వేటప్పుడు వెంట్రుకలు రేగకుండా, తెగకుండా ఉండాలని షెట్లాండ్ ఆడవాళ్లు చేపనూనె పూసేవారు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో సన్నఖద్దరు వడికే ఆడవాళ్లు పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. చేపలు తినే మనుషులకు పనిముట్టు కూడా చేప నుంచే రావడంలో వింతేమీ లేదు. కానీ ఈ రెండు చోట్లనూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నాకు సంతోషం కలుగుతుంది.

ఏకును రాట్నం దగ్గరకు తెచ్చాక అసలు విద్య మొదలవుతుంది. షెట్లాండ్ రాట్నం చిన్నది, నిలువుగా ఉంటుంది, కాలితో తొక్కాలి. చక్రం తిరుగుతుంటే ఒక చెయ్యి ఏకును వెనక్కి లాగుతుంది, పురి దానిలోకి పాకుతుంది. ఎక్కువ పురి పడితే దారం తాడై బిరుసెక్కుతుంది, తక్కువ పడితే పోగు జారిపోతుంది. అలా తీసిన ఒంటిపోగు తనకు తానే మెలితిరుగుతుంది. దానితో అల్లితే గుడ్డ ఒక పక్కకు వాలుతుంది. అందుకే రెండు పోగులను కలిపి, మొదటి పురికి ఎదురు దిక్కులో ఇంకో పురి పెట్టి రెండు పేటల దారం చేస్తారు. ఎదురెదురు పురులు ఒకదాన్నొకటి పట్టుకుని దారం నిలకడగా ఉంటుంది. చివరగా చిలప చుట్టి, గోరువెచ్చటి నీళ్లలో ముంచి, పిండకుండా వేలాడదీస్తారు. అప్పుడు దారం పొంగుతుంది. అల్లడానికి సిద్ధమైనట్టే.

వెచ్చదనమంతా ఆ పొంగులోనే ఉంది. ఉన్ని వెంట్రుక తిన్నగా ఉండదు, అలలు అలలుగా ముడుచుకుని ఉంటుంది. ఏకు నుంచి తేలికగా లాగి వడికినప్పుడు వెంట్రుకలన్నీ ఒకే దిక్కున పడుకోవు. చిక్కుబడి, మధ్యలో గాలిని నిలిపి ఉంచుతాయి. చలిని ఆపేది అలా కదలకుండా నిలిచిన గాలే. మిల్లు దారాన్ని కూడా ఇలా వదులుగా వడకవచ్చు. కానీ యంత్రం వేగానికి, లాగుడుకి తట్టుకోవాలంటే సాధారణంగా పురి గట్టిగానే పెడతారు. చేతికి ఆ తొందర లేదు.

ఉన్నికి ఇంకో గుణం ఉంది. తన బరువులో మూడో వంతు దాకా తేమను పీల్చుకున్నా పైకి తడి తెలియనివ్వదు. పీల్చుకునేటప్పుడు కొద్దిగా వేడిని కూడా విడుదల చేస్తుంది. పొడి ఇంట్లోంచి తుంపరలోకి అడుగుపెట్టిన మనిషికి ఉన్ని టోపీ పెట్టుకుంటే హాయిగా ఉండేది అందుకే. మన బజార్లలో ఊలు అని అమ్మే ఉండల్లో ఎక్కువ భాగం ఆక్రిలిక్. అది తేమను పీల్చుకోదు, చెమటను చర్మం మీదే వదిలేస్తుంది. ఏది ఏదో తేల్చుకోవాలంటే చిన్న పోగు కాల్చి చూడండి. ఉన్ని అయితే జుట్టు కాలిన వాసన వచ్చి, నలిపితే బూడిద రాలుతుంది. ఆక్రిలిక్ అయితే కరిగి గట్టి పూస కడుతుంది.

నడుస్తూ అల్లిన చేతులు

షెట్లాండ్ పాత ఫొటోల్లో ఒక దృశ్యం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. వీపున గంపలో పీట్ దిమ్మల మోత, ముందు రెండు చేతుల్లో అల్లిక. మగవాళ్లు చేపలవేటకు సముద్రం మీదికి పోతే పొలం, పశువులు, పీట్ మోయడం ఆడవాళ్ల మీద పడేది. అంత మోతతో నడుస్తూ కూడా అల్లగలగడానికి కారణం నడుముకు కట్టుకునే తోలుపట్టీ. దానికి రంధ్రాలున్న ఒక మెత్త ఉంటుంది, లోపల గుర్రపు వెంట్రుకలు కూరి ఉంటాయి. కుడి సూదిని ఆ రంధ్రంలో గుచ్చితే సూది బరువంతా పట్టీ మోస్తుంది. కుడిచేతికి దారం విసరడమొక్కటే పని. ఆ పట్టీతో అల్లేవారి వేగం చూస్తే కళ్లు చెదురుతాయి. ఇప్పటికీ అక్కడ చాలామంది దానితోనే అల్లుతారు.

మనసుకు గొప్పగా అనిపించే దృశ్యమే. కానీ ఆ అల్లిక ఎవరి కోసమని కూడా అడగాలి. ఎక్కువ సార్లు ఆ చేతుల్లోది అమ్మకపు సరుకు. పదిహేడో శతాబ్దంలోనే ప్రతి వేసవీ హెర్రింగ్ చేపల కోసం వచ్చే డచ్చి పడవలవాళ్లు ఇక్కడి మేజోళ్లు కొనుక్కెళ్లేవారు. పంతొమ్మిదో శతాబ్దంలో లేసు శాలువాల గిరాకీ పెరిగింది. 1851లో లండన్ మహాప్రదర్శనలో అవి కొలువుదీరాయి, విక్టోరియా రాణి వాటిని ఇష్టపడి ధరించింది. ఉత్తరాన ఉన్న అన్‌స్ట్ దీవి ఆడవాళ్ల పేరు మారుమోగింది.

అంత పేరొచ్చినా చేతికి డబ్బు మాత్రం రాలేదు. షావుకారు శాలువా తీసుకుని బదులుగా సరుకు ఇచ్చేవాడు. ఎక్కువగా టీపొడి, గుడ్డ. ఇంట్లో పిండి నిండుకుంటే టీపొడిని పట్టుకెళ్లి ఇంకొకరి దగ్గర పిండికి మార్చుకోవాల్సి వచ్చేది. 1872లో ప్రభుత్వం ఈ సరుకు చెల్లింపుల మీద విచారణ జరిపించింది. విలియం గుత్రీ అనే కమిషనర్ దీవుల్లో తిరిగి ఆడవాళ్ల వాంగ్మూలాలు ప్రశ్నలు జవాబులుగా నమోదు చేశాడు. ఎన్ని రోజులు పట్టింది, దారం ఎవరిది, ఏమిచ్చారు, డబ్బు అడిగితే ఏమన్నారు... ఇలా సాగుతుంది ఆ నివేదిక. ఉంగరంలోంచి దూరే శాలువా గురించి మురిసిపోయేవాళ్లు ఆ పుటలు కూడా చదవాలి.

మనకిది కొత్త కథ కాదు. గోదావరి జిల్లాల్లో నరసాపురం చుట్టుపక్కల ఆడవాళ్లు ఇంటి అరుగు మీద కూర్చుని అల్లే క్రోషియా లేసు దేశదేశాలకు వెళుతోంది. దారం తెచ్చిచ్చేది ఒకరు, పువ్వులు అల్లేది ఒకరు, అంచు కలిపేది ఇంకొకరు, అమ్మేది మరొకరు. మరియా మీస్ అనే సామాజిక శాస్త్రవేత్త 1982లో వెలువరించిన పుస్తకం ఈ లేసు ఆడవాళ్ల గురించే. రోజంతా అల్లినా వాళ్లది పని కాదని, తీరిక వేళ కాలక్షేపమని లెక్కగట్టడం వల్లే కూలీ అంత తక్కువగా మిగిలిందని ఆవిడ విప్పి చెప్పారు. షెట్లాండ్ షావుకార్ల లెక్కా అదే.

ఇరవయ్యో శతాబ్దం కథను గబగబా చెప్పుకోవచ్చు. 1922లో వేల్స్ యువరాజు సెయింట్ ఆండ్రూస్ గోల్ఫ్ మైదానంలో షెట్లాండ్‌లోని ఫెయిర్ ఐల్ దీవి రంగుల పట్టీల స్వెట్టర్ వేసుకుని కనిపించాడు. ఆ రంగుల పట్టీల కోసం లోకమంతా ఎగబడింది. 1588లో ఫెయిర్ ఐల్ దగ్గర మునిగిన స్పెయిన్ యుద్ధనౌక జనమే ఆ నమూనాలు నేర్పారన్న కట్టుకథ కూడా బాగా అమ్ముడైంది. దానికి ఆధారాలేమీ లేవు. మరోపక్క ఉన్ని స్కాట్లండ్ మిల్లులకు వెళ్లి దారమై తిరిగి రావడంతో రాట్నాలు అటకెక్కాయి. 1970లలో ఉత్తర సముద్రంలో చమురు పడింది, సల్లమ్ వో దగ్గర పెద్ద చమురు కేంద్రం కట్టారు. నెలజీతమొచ్చే ఉద్యోగాలు దొరకగానే ఆడవాళ్లు అమ్మకపు అల్లిక వదిలేశారు. వాళ్లు చేసింది సబబే. చేతిపని అంతరించిపోతోందని వాపోయేవాళ్లు ముందు ఆ చేతిపని ఆ చేతులకు ఏమిచ్చిందో లెక్క చూడాలి. 2010లో బడుల్లో అల్లిక పాఠాలు కూడా ఆపేశారు.

ఇంట్లోకి అల్లుకున్నవి

అంగడికి వెళ్లని అల్లికల్లో మొదట చెప్పాల్సింది హ్యాప్. రోజూ కప్పుకునే శాలువా అది. మధ్యలో చదరం, చుట్టూ అలల నమూనాలో వెడల్పాటి పట్టీ, చివర పళ్లంచు. ఆ అలల్లోనే గొర్రె రంగులు వరసగా దిగుతాయి. తెలుపు, లేత బూడిద, ముదురు బూడిద, నలుపు, మళ్లీ వెనక్కి. దాన్ని మూలకు మడిచి, భుజాల మీంచి తెచ్చి, ఛాతీ మీద అడ్డంగా దాటించి, నడుము వెనక ముడేస్తారు. చేతులు రెండూ పనికి ఖాళీగా ఉంటాయి. పసిపిల్లలను కూడా అందులోనే చుట్టేవారు. ఉతికాక చట్రానికి నాలుగు వైపులా లాగికట్టి ఆరబెడతారు, లేకపోతే అల ముడుచుకుపోతుంది. లేసు శాలువా ఉన్నంత ప్రదర్శనల్లో ఇది ఉండకపోవచ్చు. నాకు మాత్రం దీని ముందు ఉంగరపు శాలువా చిన్నబోతుంది. దీనిలో ప్రతి కొలతా వేసుకునే మనిషి ఒంటిని బట్టి, చేసే పనిని బట్టి వచ్చింది.

తరవాత జాలరుల టోపీలు, చేతి తొడుగులు. రెండు రంగుల దారాలతో అల్లితే ఒక రంగు ముందు కనిపిస్తున్నప్పుడు రెండోది వెనక నడుస్తుంది. గుడ్డ రెండు మందాలవుతుంది, గాలి దూరదు. ఆ రంగుల పట్టీలు కంటికి ఇంపుగా ఉంటాయని మనం వేసుకుంటున్నాం, సముద్రం మీది మనుషులకు అవి చెవులు కాచాయి.

ఇప్పుడు షెట్లాండ్‌లో 2010 నుంచి ఏటా శరత్కాలంలో ఉన్ని వారోత్సవం జరుగుతోంది. ప్రతి ఏడూ ఒక కొత్త టోపీ నమూనా విడుదల చేస్తారు. లోకం నలుమూలల నుంచి వచ్చేవాళ్లు తాము అల్లుకున్న ఆ టోపీతోనే దిగుతారు. ఒకే నమూనాకు వందల రంగులు, ఏ రెండూ ఒకటి కావు. వాళ్లలో రాట్నాలూ కదుర్లూ వెంట తెచ్చుకునేవారూ ఉంటారు. షెట్లాండ్ ఆడవాళ్లు అటకెక్కించిన రాట్నాన్ని ఇప్పుడు మనుషులు తమ కోసం తిప్పుతున్నారు. పురి అదే, ఏకు అదే. కానీ ఎదురుగా తూకం పట్టుకుని నిలబడ్డ షావుకారు లేడు.

మీ తలకు మీరే

మాకు చలెక్కడిదని అనకండి. ఆదిలాబాద్‌లో, లంబసింగిలో, అరకులో డిసెంబరు రాత్రి గడిపినవాళ్లకు తెలుసు. ఇక టొరంటోలో, షికాగోలో పిల్లలున్న ఇళ్లు ఎన్నో. ఏటా నవంబరులో మన నగరాల్లో టిబెటన్ల స్వెట్టర్ల దుకాణాలు వెలిసేదీ గిరాకీ ఉండబట్టే. ఒక్క టోపీ అయినా సొంతంగా వడికి అల్లుకోవాలనుకునేవారికి నాకు తెలిసినంత చెబుతాను.

రాట్నం కొనక్కర్లేదు. ముప్ఫై నలభై గ్రాముల బరువున్న చెక్క కదురు చాలు. పాత రోజుల్లో బడిపిల్లలు తిప్పిన తకిలీ పత్తికి బాగుంటుంది కానీ ఉన్నికి అంతకంటే బరువైన, వెడల్పు బిళ్ల ఉన్న కదురు కావాలి. బిళ్ల వెడల్పుగా ఉంటే ఎక్కువసేపు నిలకడగా తిరుగుతుంది. కదురును గాల్లో తిప్పి వదిలి, వెంట్రుకలను కొద్దికొద్దిగా జారవిడవాలి. రెండు చేతుల మధ్య ఉన్న భాగాన్ని ముందు లాగి సన్నం చేసి, ఆ తరవాతే పురిని లోపలికి రానివ్వాలి. లాగడం, పురి వదలడం రెండూ ఒకేసారి జరిగితే గడ్డలు కడతాయి. ఈ ఒక్క వరస చేతికొస్తే మిగతాదంతా సాధనే. మొదట వచ్చే దారం ఒకచోట లావు, ఒకచోట సన్నం ఉంటుంది. పారెయ్యొద్దు. అలాంటి దారంతో అల్లిన మఫ్లర్‌కు వచ్చే గరుకందం తరవాత చెయ్యి తిరిగాక ఎంత ప్రయత్నించినా రాదు.

టోపీకి అరవై డెబ్బై గ్రాముల రెండు పేటల దారం పడుతుంది. అల్లే ముందు నాలుగంగుళాల చదరం ముక్క అల్లి, ఉతికి, ఆరాక అంగుళానికి ఎన్ని కుట్లొచ్చాయో లెక్కపెట్టండి. చేత్తో వడికిన దారానికి లేబుల్ ఉండదు, దాని లెక్క ఆ ముక్కే చెబుతుంది. తల చుట్టుకొలత 22 అంగుళాలైతే టోపీ 20 అంగుళాలే ఉండాలి, సాగి పట్టుకుంటుంది. అంగుళానికి ఐదు కుట్లు వచ్చాయనుకుంటే 100 కుట్లు ఎక్కించాలి. మొదటి రెండంగుళాలు రెండు నిట్ (సూటి కుట్టు), రెండు పర్ల్ (తిరగేసిన కుట్టు) చొప్పున పట్టీ. అక్కడి నుంచి ఆరంగుళాల దాకా సాదాగా, ఆపైన వరస తప్పించి వరసలో కుట్లు తగ్గిస్తూ నడినెత్తి దాకా. వేళ్లు లేని చేతి తొడుగులకైతే అదే దారంతో 36 కుట్లు సరిపోతాయి, బొటనవేలికి సందు వదలాలి. చలిలో ఫోను పట్టుకునేవారికి, పొద్దున్నే బండి నడిపేవారికి వాటంత పనికొచ్చేవి లేవు.

ఉతకడంలో జాగ్రత్త ఒక్కటే. వేడినీళ్లు, నలపడం, వెంటనే చన్నీళ్లు, ఈ మూడూ కలిస్తే వెంట్రుకల మీది పొలుసులు ఒకదానిలో ఒకటి ఇరుక్కుని టోపీ గిన్నెంత అవుతుంది. గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, తువ్వాలులో చుట్టి నొక్కి, పరచి ఆరబెట్టాలి.

మన నల్లగొర్రె

ఇంతకూ ఉన్ని ఎక్కడిది? తెలంగాణలో దక్కనీ గొర్రె ఉంది. నల్లటి, బిరుసు ఉన్ని. ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. కురుమల ఇళ్లలో ఆడవాళ్లు వడికితే మగవాళ్లు గొంగడి నేశారు. పడుగుకు చింతగింజల గంజి పట్టించి, బిగువుగా నేసిన గొంగడి వానలో గొడుగు, రాత్రి పరుపు, ఎండలో నీడ. కానీ మాంసానికి గిరాకీ పెరిగాక ఉన్ని రాని నెల్లూరు జాతి వైపు మందలు మళ్లాయి. మిల్లు కంబళ్లు చవకయ్యాయి. కత్తిరింపు కూలి కూడా గిట్టదని చాలాచోట్ల ఉన్నిని గట్టు మీదే పారబోస్తున్నారు.

ఆ ఉన్నితో టోపీ అల్లుకోవచ్చా? సూటిగా చెప్పాలంటే, నేరుగా నుదుటికి తగిలేలా అల్లుకుంటే గుచ్చుకుంటుంది. వెంట్రుక మందం సుమారు 30 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతులు ముప్ఫై దాటితే మన చర్మం తట్టుకోలేదు. షెట్లాండ్ ఉన్ని దానికంటే సన్నం, దక్కనీ దానికంటే లావు. లోపల పాత నూలుచీర మెత్త వేసుకుంటే మాత్రం దక్కనీ టోపీ గాలికీ తుంపరకూ భేషుగ్గా తట్టుకుంటుంది. స్వెట్టర్ మీద వేసుకునే చేతి తొడుగులకు, ఇంట్లో వేసుకునే మేజోళ్లకు దాని బిరుసే బలం. సంవత్సరాలు అరగదు. గొర్రెపిల్లల తొలి కత్తిరింపు ఉన్ని ఉన్నంతలో మెత్తన, అది అడిగి తెచ్చుకోండి. ఇంకా మెత్తగా కావాలంటే కులు లోయలో, లడఖ్‌లో చేత్తో వడికిన దారం చిలపలుగా దొరుకుతుంది. లడఖ్‌లో ఆడవాళ్లు నడుస్తూ కదురు తిప్పడం ఇప్పటికీ చూడవచ్చు. వడకడం వద్దు, అల్లుకుంటే చాలు అనుకునేవారికి అదే మంచి దారి.

ఇలాంటివి చేసి అమ్మవచ్చు కదా అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. లెక్క వేసి చూడండి. డెబ్బై గ్రాములు ఏకి, కదురు మీద వడికి, రెండు పేటలు చేసి, టోపీ అల్లేసరికి చెయ్యి తిరిగినవాళ్లకైనా పదిహేను గంటలకు తక్కువ పట్టదు. గంటకు న్యాయమైన కూలి కట్టి చూస్తే బజారులో ఆ ధరకు కొనేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. తక్కువకు ఇచ్చేస్తే మళ్లీ 1872 నాటి టీపొడి దగ్గరికే చేరతాం. ఆ కూలి ఇవ్వగలిగినవాళ్లు కొంటామంటే సంతోషంగా అమ్మండి, లేదంటే మీరే పెట్టుకోండి.

అల్లిక అయ్యాక మిగిలిన దారంలో ఓ పది గజాలు చిన్న ఉండగా చుట్టి దాచండి. మూడో నాలుగో చలికాలానికి చేతి తొడుగు బొటనవేలి దగ్గర అరుగుతుంది. బజారులో ఆ రంగు, ఆ మందం ఎంత వెతికినా దొరకవు.